బుచ్చన్న బండ కావలి

మా ఊరి బుచ్చన్నకు సర్కారు నౌకరీ దొరికిందంటే మొదట ఎవరం నమ్మలేదు. అదీ దేనికి? బండకు కావలి! పెళ్లయిన నాటినుంచి ఈరమ్మను వెంటబెట్టుకుని ఎక్కడెక్కడి కాలువ పనులకో వలసపోయి రాళ్లు కొట్టిన మనిషి. రాయి పగలకపోతే మేస్త్రీ తిట్టేవాడు. ఇప్పుడేమో రాయి పగలకుండా చూస్తే జీతమట. ఏం లోకమో!

మాది మానవపాడు దగ్గర. ఊరి బయట పెద్ద నాపబండ ఉంది, దాని మీద నీళ్లు పారినట్టు సన్నటి అలలు. ఎనభై ఎనిమిదిలో పట్నం సార్లు వచ్చి, మనిషి పుట్టకముందు ఇక్కడ సముద్రం ఉండేదని, దాని అలలే రాయిలో నిలిచిపోయాయని చెప్పారు. సముద్రమట! మాకు తాగే నీళ్లకే దిక్కులేదు.

ఇలాంటి చోట్లను చూసుకునే వాళ్లందరికీ వనపర్తిలో శిక్షణ పెట్టారు. బుచ్చన్న వెళ్లి, సగం అర్థమై సగం కాక తిరిగొచ్చాడు.

"బండను ఎప్పటి లెక్కనే ఉంచాలెనంట, కొత్తగ ఏం చెయ్యొద్దంట. తనిఖీల సారుకు నచ్చితే నౌకరీ పక్కా, లేకుంటే మల్ల వలసనే" అని ఈరమ్మకు చెప్పాడు.

"ఎట్లన్న నిలబెట్టుకో. ఊళ్లెనే నలుగుర్ల బతుకుదం" అంది ఈరమ్మ.

తీరా తనిఖీ జొన్న కోతల వేళకు పడింది. ఏటా ఆ బండే మాకు కల్లం. గింజలు ఆ అలల చాళ్లలో ఇరుక్కోకుండా పేడతో మందంగా అలికి, పైన ఎద్దులతో తొక్కిస్తాం. బుచ్చన్న పరేషాన్ అయ్యాడు. చెక్కొద్దన్నారు, పగలగొట్టొద్దన్నారు, అలుకు మాట మాత్రం ఎవరూ ఎత్తలేదాయె. ఎప్పటిలాగే ఉంచాలంటే మరి అలకాల్సిందే కదా! ఆలుమగలిద్దరూ కూర్చుని బండంతా అలికేశారు. సారు వస్తున్నాడని ఈరమ్మ ముగ్గు కూడా వేసింది.

సారు వచ్చి చుట్టూ చూశాడు.

"అలలేవయ్యా?"

"కిందున్నయి సార్."

"శిక్షణలో ఏం విన్నావు నువ్వు?"

"ఎప్పటి లెక్క ఉంచుమన్నరు సార్. ఏటా గిట్లనే ఉంటది."

సారుకు తిట్టాలో నవ్వాలో తెలియలేదు. దగ్గరుండి బండంతా కడిగించాడు. అలలు తేలాక కాస్త చల్లబడ్డాడు.

"నౌకరీ ఉంటుందిలే. కానీ ఇక్కడ కల్లం బంద్. ఒక్క ఎద్దు కాలు పడినా నీదే బాధ్యత."

ఈరమ్మ సంతోషంతో ఏడ్చేసింది. బుచ్చన్న మాత్రం కడిగిన బండనే చూస్తూ నిలబడ్డాడు.

మరునాడు పొద్దున్నే జొన్న కంకుల బండితో మొదట వచ్చింది ఎవరనుకున్నారు? అతని సొంత అక్క పార్వతమ్మ. వీళ్లు వలసపోయినప్పుడల్లా వీళ్ల ఇల్లూ మేకలూ చూసుకున్నది ఆమే.

"అక్కా, ఈడ తొక్కియ్యొద్దు."

"మరి యాడ తొక్కియ్యాలెరా?"

"నాకూ తెల్వదక్కా."

"నువ్వు పుట్టకముందుకెల్లి మన కల్లం ఈడనే గదరా!"

బుచ్చన్న సముద్రం సంగతి చెప్పబోయాడు. తనకే సరిగా తెలియనిది అక్కకేం చెబుతాడు? బండి కదలబోయింది. గాబరాలో చేతికర్ర అడ్డం పెట్టాడు. అక్క బండికే అడ్డం! చూస్తున్న మాకే ఒళ్లు మండింది.

పార్వతమ్మ కర్ర వంకా తమ్ముడి వంకా చూసి, ఎద్దులను వెనక్కి మళ్లించింది.

"ఇగ నా తమ్ముడు ఊళ్లెనే ఉంటడని ఎంత సంబరపడితిని! దూరం పోయినప్పుడే నయముండె తమ్మీ. అప్పుడన్న నావోడివే ఉంటివి."