నా పేరు నేనే చెప్పుకున్న రోజు

నా చిన్నప్పుడు బెల్లంపల్లిలో మా బొగ్గుగని కాలనీ పిల్లలందరూ గనిలో ప్రమాదం జరిగితే వేళ కాని వేళ మోగే సైరన్‌కు భయపడేవాళ్లు. నాకు ఆ భయంతో పాటు ఇంకొకటి కూడా ఉండేది. కొత్తవాళ్లెవరైనా "నీ పేరేంది బిడ్డా?" అని అడిగితే చాలు, నా కాళ్లూ చేతులూ చల్లబడిపోయేవి. నాకు నత్తి. 'ప' అక్షరం పెదవుల దాకా వచ్చి అక్కడే అతుక్కుపోయేది. నా పేరు ఆ అక్షరంతోనే మొదలవుతుంది. మా బాపు పేరూ అంతే.

కొంచెం పెద్దయ్యాక తప్పించుకోవడం నేర్చుకున్నాను. దుకాణానికి పోయి పసుపు అడగలేక కుంకుమ కొనుక్కొచ్చి మా అవ్వ, అంటే అమ్మ, చేత తిట్లు తిన్నాను. పప్పు కావలసి వస్తే వేలు పెట్టి చూపించేదాన్ని. బడిలో తెలిసిన జవాబుకు కూడా తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపేదాన్ని. పేరుకు మాత్రం బదులుగా వాడే మరో మాట ఉండదు కదా. అందుకని ఎక్కడికి పోయినా తమ్ముణ్ని వెంటబెట్టుకుని పోయేదాన్ని. ఎవరడిగినా వాడే చెప్పేవాడు. నేను బాగా చదువుతానన్న సంగతి పరీక్ష కాగితాలు దిద్దే సార్లకు తప్ప ఎవరికీ తెలియదు.

ఎచ్చెస్సీ, అంటే బడి చివరి తరగతి, పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం సైరన్ మోగింది. షిఫ్టు మారే వేళ కాదది. అవ్వ జ్వరంతో మంచంలో ఉంది. లేవబోయి మళ్లీ కూలబడింది. "నువ్వే ఉరుకు బిడ్డా. బాపు ఎట్లున్నడో అడిగి రా" అంది. తమ్ముడు ఎక్కడ ఆడుకుంటున్నాడో తెలియదు. చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాను.

గని గేటు దగ్గర అప్పటికే ఆడవాళ్లు గుమిగూడారు. లోపల ఒకచోట పైకప్పు కూలిందని అనుకుంటున్నారు. గేటు దగ్గర నిలబడ్డ గుమాస్తా ఒక్కొక్కరినీ వాళ్ల మనిషి పేరు అడిగి, వెనక్కి కేకేసి కనుక్కుని చెబుతున్నాడు. నా వంతు వచ్చింది.

"మీ బాపు పేరేంది?"

నోరు తెరిచాను. పెదవులు బిగుసుకుపోయాయి. ఊపిరి గొంతులోనే ఆగింది. మెడ నరాలు లాగేస్తున్నాయి గానీ మాట రాదు. "జల్ది చెప్పు బిడ్డా" అన్నాడాయన. వెనకనుంచి తోసుకుంటున్నారు. ఆయన నా వైపు జాలిగా చూసి పక్కనున్న ఆమె వైపు తిరిగాడు. ఒక్కొక్కరూ తమ మనిషి క్షేమమని విని అక్కడే నేల మీద కూర్చుండిపోతున్నారు. బాపు ఉన్నాడో లేడో తెలియాలంటే ఒక్క పేరు చాలు. ఆ పేరు నా నోట్లోనే ఉంది, బయటికి రావడం లేదు. అంతటి భయం నేను అంతకుముందు ఎరగను, ఆ తర్వాతా ఎరగను.

అప్పుడు నా భుజం మీద ఒక చెయ్యి పడింది. మా పక్కింటి అక్క. వాళ్లాయన కూడా అదే గనిలో సర్దారు, కూలీల మీద అజమాయిషీ చేసేవాడు. ఆయన కోసం ఆమె కూడా పరుగెత్తుకొచ్చింది. నన్ను ముందుకు జరిపి, బాపు పేరు తనే చెప్పింది. గుమాస్తా కనుక్కుని, "పైకచ్చిండమ్మా, మంచిగనే ఉన్నడు" అన్నాడు. నేను ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డాను. ఏడుపు కూడా రాలేదు. ఆమె నా మొహం వైపు చాలాసేపు చూసింది.

ఆ అక్కది కోస్తా ప్రాంతం. అక్కడ కాలేజీలో పీయూసీ దాకా చదివి, పెళ్లయి మా వైపు వచ్చింది. మా ఇళ్ల వరుసలో కాలేజీ లోపల ఎట్లా ఉంటుందో తెలిసిన ఆడమనిషి ఆమె ఒక్కతే. నేను ఎచ్చెస్సీ మంచి మార్కులతో పాసయ్యానని తెలిసిన రోజు, కరీంనగర్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉంచి కాలేజీకి పంపుతానని బాపు అన్నాడు. మా మేనమామ నవ్వాడు. "మాట సక్కగ రాని పిల్లకు కాలేజేంది బావా?" అన్నాడు. బాపు కోపం తెచ్చుకోలేదు. "గందుకే పంపుతున్న. రేపు నేను లేకుంటే దీని తరఫున మాట్లాడేటోళ్లెవరు? సదువన్న ఉండాలె" అన్నాడు. గేటు దగ్గర జరిగింది పక్కింటి అక్క అవ్వకు, అవ్వ ఆయనకు చెప్పిందని అప్పుడర్థమైంది.

కాలేజీకి దరఖాస్తు ఎట్లా పెట్టాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బాపు నేరుగా పక్కింటికి పోయి అడిగాడు. అక్క నన్ను చాప మీద కూర్చోబెట్టి దరఖాస్తు మొత్తం నాచేతే చదివించింది. హెడ్మాస్టరు దగ్గర టీసీ అడగాలి, కంపెనీ ఆఫీసులో బాపు జీతం కాగితం తీసుకోవాలి, మంచిర్యాలకు పోయి ఫొటో దిగాలి. ఎవరి దగ్గరికి పోవాలో, ఏమని అడగాలో చెప్పేది. తను మాత్రం వెంట వచ్చేది కాదు. నేను తమ్ముణ్ని తీసుకుపోయి ఆ పనులన్నీ గట్టెక్కించాను. ఇంతలో కాలేజీ నుంచి కార్డు వచ్చింది. ఫలానా రోజు తండ్రితో ఇంటర్వ్యూకు రావాలని అందులో ఉంది. ప్రిన్సిపాలు కొన్ని ప్రశ్నలు అడుగుతాడని అక్క చెప్పింది. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు.

అక్క కుర్చీ వేసుకుని ప్రిన్సిపాలులా కూర్చునేది. నేను ఎదురుగా నిలబడేదాన్ని. సైన్సు ఎందుకు తీసుకుంటున్నావు, ఏం కావాలనుకుంటున్నావు అని అడిగేది. జవాబులు రాసుకుని బట్టీ పట్టాను. ఎంత బట్టీ పడితే అంతగా నోరు కట్టేసినట్టయ్యేది. చివరికి ఎప్పుడూ ఆగని అక్షరాల దగ్గర కూడా ఆగడం మొదలైంది. ఒకరోజు సగంలోనే లేచి వెళ్లి వాళ్ల పెరట్లో బొగ్గుల పొయ్యి పక్కన కూర్చున్నాను. నేను పోనని, ఇంట్లోనే ఉంటానని అక్కడినుంచే అక్కతో ఎట్లాగో చెప్పాను.

అక్క వచ్చి పక్కన కూర్చుంది. "ప్రశ్నలకు జవాబులు నీకు తెలుసు. నీ భయం దానికి కాదు. నత్తి ఉందని వాళ్లకు తెలిసిపోతుందేమోనని భయం. దాచిపెట్టి దాచిపెట్టి అలిసిపోతున్నావు. నువ్వే ముందు చెప్పెయ్యి" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఇక బట్టీ వద్దు. ఒక్క మాట నేర్చుకో. నాకు నత్తి ఉంది, ఆగి చెప్తాను. అంతే."

"గది చెప్పేటప్పుడు గూడ ఆగితే?" అని అడిగాను.

"ఇంకా మంచిది. నిజమే చెబుతున్నావని నమ్ముతారు" అంది. నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

మర్నాడే నన్ను దుకాణానికి పంపింది, తమ్ముడు లేకుండా. మా కాలనీ దుకాణం నడిపేది ఆసిఫాబాద్ నుంచి వచ్చిన ఒక మరాఠీ సేటు. గుమ్మం దాకా పోయి రెండుసార్లు వెనక్కి తిరిగాను. చివరికి లోపలికి పోయి, నాకు నత్తి ఉందని, ఆగి చెప్తానని అన్నాను. సరుకులు కొంటున్న ఒక కుర్రాడు పకపక నవ్వాడు. సేటు మాత్రం త్రాసు కింద పెట్టి, "ఆరాంసే చెప్పు బేటీ" అన్నాడు. పసుపు అన్న మాట ముక్కలుముక్కలై బయటికి వచ్చింది.

ఇంటికొచ్చి అక్క ముందు ఏడ్చేశాను, వాడు నవ్విండని. ఆమె ఓదార్చలేదు. "నవ్వాడు సరే. నవ్వాక ఏమైంది?" అని అడిగింది. ఆలోచిస్తే ఏమీ కాలేదు. నా చేతిలో పసుపు పొట్లం ఉంది.

అయినా ఇంటర్వ్యూకు బయలుదేరిన రోజు నాకు ధైర్యం వచ్చిందని చెబితే అబద్ధమవుతుంది. రైల్లో గోదావరి దాటుతుంటే ఇంటికి తిరిగి పోవాలనిపించింది. పెద్దపల్లిలో దిగి కరీంనగర్ బస్సెక్కాం. నా మనసులో ఒకటే ఆశ. బాపు పక్కన ఉంటాడు, పేరు ఆయనే చెబుతాడు, మిగతావి తలూపి గడిపేయవచ్చు. కాలేజీ వరండాలో ప్యాంట్లు వేసుకున్న అబ్బాయిలు ఇంగ్లీషు మాటలు కలిపి మాట్లాడుకుంటున్నారు. ఆడపిల్లలం నలుగురైదుగురం గోడకు ఆనుకుని నిలబడ్డాం. లోపలికి పోయి వచ్చిన ఒక అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ పోయింది. నా చీర కుచ్చిళ్లు చెమట చేతులతో నలిపి నలిపి తడిసిపోయాయి.

పిలిచారు. పెద్ద బల్ల వెనక ప్రిన్సిపాలు, ఆయనకు అటూ ఇటూ ఇద్దరు లెక్చరర్లు కూర్చున్నారు.

"నీ పేరేమిటమ్మా?"

నేను బాపు వైపు చూశాను. బాపు నా వైపు చూడలేదు. పిడికిళ్లు బిగించి, తల వంచుకుని నేల చూస్తున్నాడు. విన్నాడు, తెలుసు. అయినా నోరు విప్పలేదు. ప్రిన్సిపాలు కూడా గేటు దగ్గరి గుమాస్తాలాగే జాలిగా చూసి తర్వాతివాళ్లను పిలుస్తాడనుకున్నాను. ఆ భయమే నన్ను తోసింది.

"నా... నాకు నత్తి ఉన్నది సార్. ఆగి చెప్త. జర ఆగుండ్రి."

ప్రిన్సిపాలు రాస్తున్న పెన్ను పక్కన పెట్టాడు. కళ్లజోడు తీశాడు. "ఆగుతాం. తొందరేం లేదు" అన్నాడు.

నా పేరు చెప్పాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. మొదటి అక్షరం దగ్గర పెదవులు ఎన్నిసార్లు కొట్టుకున్నాయో తెలియదు. ఎవరూ నా బదులు పూర్తి చేయలేదు. తర్వాత సైన్సు ప్రశ్నలు అడిగారు. ఆగి ఆగి చెప్పాను. ప్రిన్సిపాలు బాపు వైపు తిరిగి, "మీ పేరు? ఏం పని చేస్తారు?" అన్నాడు. బాపు చేతులు కట్టుకుని, "దాన్నే అడుగుండ్రి సార్. అది చెప్తది" అన్నాడు. గేటు దగ్గర రాని ఆ పేరు, ఇక్కడ విరిగి విరిగి, చివరికి మొత్తం బయటికి వచ్చింది.

బయట చెట్టు కింద బాపు బీడీ వెలిగించబోతే అగ్గిపుల్లలు ఒకదాని తర్వాత ఒకటి ఆరిపోయాయి. చొక్కా వీపంతా తడిసి ఉంది. "నోరు తెర్వనని మీ అక్క ఒట్టు పెట్టించుకున్నది. గనిల కప్పు కింద గూడ నాకు గింత భయం కాలే బిడ్డా" అన్నాడు.

సీటు వచ్చింది. అయినా అక్క మీద నాకు కోపం పోలేదు. బాపును ఎందుకు ఆపావని అడిగాను. అప్పుడు చెప్పింది. "గేటు దగ్గర నీ బదులు నేను పేరు చెప్పాను. ఆ రోజు చెప్పక తప్పదు. కానీ చెప్పాక నీ మొహం చూశాను. ఇంకెప్పుడూ నీ బదులు ఎవరూ చెప్పకూడదనుకున్నాను." నా పీయూసీ పూర్తయ్యేలోపే వాళ్లకు గోదావరి అవతలి గనికి బదిలీ అయింది. మళ్లీ చూడలేదు.

నత్తి పోలేదు. నేను టీచరునై రిటైరయినా, ఆసుపత్రిలో చీటీ రాయించుకునేటప్పుడు ఇప్పటికీ ఆ మొదటి అక్షరం దగ్గర గుండె ఝల్లుమంటుంది. ముందే చెప్పేస్తాను, ఆగి చెప్తానని. చాలామంది ఆగుతారు. కొందరు నవ్వుతారు, వాళ్లూ చివరికి చీటీ రాస్తారు.

ఎండాకాలం వస్తే మా వీధిలో కాలేజీలకు దరఖాస్తు పెట్టుకునే పిల్లలు నా దగ్గరికి వస్తారు. ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో, ఏ కోర్సు దేనికో తెలిసినంత చెబుతాను. కొందరు తల్లినో తండ్రినో వెంటబెట్టుకుని వస్తారు. ఏం చదవాలని ఉంది అని పిల్లనడిగితే, తల్లి జవాబు మొదలుపెడుతుంది. నేను ఆమె వైపు తిరగను. బెదిరిన కళ్లతో నిలబడ్డ ఆ పిల్ల వైపే చూస్తూ, ఎంతసేపైనా సరే, ఆగుతాను.