తాత తెచ్చిన కేక

తాడిపత్రి దగ్గరి రాతిగనిలో మందు కూరి, వత్తికి అగ్గిపుల్ల గీసే ముందు ఓబుళేసు మూడుసార్లు కేకేస్తాడు: "లుకౌట్". మూడో కేకకు, దాక్కున్నవాళ్లంతా "ఆ" అని పలకాలి. అప్పుడే ముట్టిస్తాడు.

ఆ కేకను ఇంటికి తెచ్చింది వాళ్ల తాత. రైలుదారికి కొండ తొలిచేటప్పుడు తెల్లదొర ఒకడు అలా అరిచాడట. కూలీలకు అర్థం కాక దొర నోటివైపే చూస్తూ నిలబడ్డారు. ఇద్దరు రాళ్లకింద పోయారు. ఆనాడే తాత కట్టడి పెట్టాడు: గని దాటితే ఆ మాట ఎత్తకూడదు, ఎత్తితే రాయి వెతుక్కుంటూ వస్తుంది. నాయన ఆ కట్టడి తప్పలేదు. ఓబుళేసూ తప్పలేదు.

తొంభైతొమ్మిదిలో ఊళ్లో బండల పాలిష్ షెడ్డులో, తమ్ముడు వీరేష్ వెనక నిలబెట్టిన బండలు జారాయి. ఆ మాట ఓబుళేసు గొంతుదాకా వచ్చింది. ఇది గని కాదే అనుకుని మింగేసి, "ఒరే వీరేషా" అన్నాడు. వాడు ఉన్నచోటే, "ఏందన్నా" అంటూ తల తిప్పాడు. ఆ బండల కిందే పోయాడు.

వీరేష్ భార్య కదిరమ్మకు మాత్రం, ఆ కేక వేసినా వాడికి వినపడలేదని చెప్పాడు.

అప్పటినుంచి గనిలో అందరూ పలికాక, గుంతలోంచి అతనికొక్కడికే ఇంకో గొంతు వినపడుతుంది: "ఏందన్నా". ఓబుళేసు దిగి, గుంతంతా చూసి వచ్చాకే ముట్టిస్తాడు.

"ఏమప్పా, దినమూ దిగుతాండావు, ఆడ నిధి గాని ఉండాదా?" అంటాడు తోటి కూలీ బసప్ప.

నాలుగేళ్లకు ఒక సాయంత్రం, వీరేష్ కూతురు భారతి ఇంగ్లీషు పాఠం చదువుతూ ఆ మాట పైకి అనేసింది. ఓబుళేసు ఉలిక్కిపడి దూలంవైపు చూశాడు.

"ఇంట్లో అనొద్దు పాపా."

"ఏముంది పెద్దనాయనా? చూడు అనేదొకటి, బయట అనేదొకటి. రెండూ కలిసి జాగ్రత్త అని. వాళ్ల దేశంలో ఇంట్లో పిల్లోళ్లతో గూడా అంటారంట, సారు చెప్పినాడు."

"అంతేనా?"

"అంతే."

సంగటి గెలుకుతున్న కదిరమ్మ ఇటు తిరిగింది. "ఆ పొద్దు నువ్వు అన్నావు గదా బావా, షెడ్డులో?"

ఓబుళేసు దూలం మీదినుంచి చూపు దించాడు. "అనల్యా."

తెడ్డు ఆగింది. "నాలుగేండ్లు ఆయప్పనే తిట్టుకుంటి, చెవిటోడని" అంది కదిరమ్మ. ఆ రాత్రి అతని కంచంలో సంగటి పెట్టింది కానీ, తినమనలేదు.

మర్నాడు గనిలో మూడో కేకకు అందరూ పలికారు. గుంతలోంచి ఏ గొంతూ రాలేదు. ఓబుళేసు చెవి అటే పెట్టి నిలబడ్డాడు, గీసిన అగ్గిపుల్ల వేలిదాకా కాలేవరకూ.