జమ్మి నీడ అడిగిన దేవయ్య

ఒమాన్‌లో దేవయ్యకు సొంతమనిషి ఒక్కడే, తమ్ముడు నర్సింగ్. దేవయ్య ఉండేది బహ్లాకు ఎడంగా ఉన్న కంపెనీ క్యాంపులో, నర్సింగ్ ఉండేది ఆ అవతలి ఖర్జూర తోటలో. ఒకే దేశంలో, ఒకే దిక్కున ఉన్నా ఏం లాభం? క్యాంపులోకి బయటివాణ్ణి రానివ్వరు, తోటలోకి చుట్టాలను యజమాని రానివ్వడు. బజారు ఇద్దరికీ దూరం, బస్సు లేదు. కలుసుకోవాలంటే మధ్యలో ఉన్న సర్కారు జమ్మి అడవే దిక్కు. అడవంటే మన అడవిలా ఊహించుకోకండి. ఇసుకలో దూరదూరంగా ముసలి జమ్మిచెట్లు, అంతే. వాటిని అక్కడివాళ్ళు గాఫ్ అంటారు. ఆ ఎండల్లో ఆ కాస్త నీడే ప్రాణం.

శుక్రవారం వచ్చిందంటే ఇద్దరూ చెరో అన్నం డబ్బా పట్టుకుని అక్కడికి చేరేవారు. కట్టెలు ఏరి చాయ్ కాచుకునేవారు, ఏరడానికి లేకపోతే ఎండుకొమ్మ ఒకటి విరిచేవారు. తల్లి పోయిన కబురు వచ్చిందీ ఆ నీడలోనే. ఇద్దరికీ సెలవు దొరకలేదు. ఒకరినొకరు పట్టుకుని అక్కడే ఏడ్చారు పాపం.

అంతలో అడవి ఆఫీసువాళ్ళు వచ్చి డేరా వేశారు. రాబోయే ఇరవయ్యేళ్ళు ఈ అడవిని ఎలా కాపాడాలో ప్లాను రాస్తున్నామన్నారు. ఒంటెల కాపరులూ ఊరివాళ్ళూ క్యాంపువాళ్ళూ, అడవిని వాడుకునేవాళ్ళెవరైనా వచ్చి తమ మాట చెప్పమన్నారు. కూలివాణ్ణి పిలిచి అడిగేవాడు ఎక్కడైనా ఉంటాడా! దేవయ్య ఉబ్బితబ్బిబ్బయి తమ్ముడికి ఫోన్ చేశాడు.

"మన చెట్లు మనకు ఇడిసిపెట్టుమని నేనే అడుగుత తమ్మీ."

"నీకెందుకే అన్నా! సప్పుడు జెయ్యక ఊకో."

"ఆళ్ళే పిలిశిండ్రు గదరా. అడగకపోతె ఆళ్ళకెట్ల తెలుస్తది?"

దేవయ్యకు ఇలాంటి మీటింగులు కొత్త కాదు. ఖానాపూర్ వైపు వాళ్ళ పల్లెలో వన సంరక్షణ సమితి ఉండేది. అక్కడొక పద్ధతి. అడవి నుంచి ఏదైనా కోరేవాడు ముందు తాను చేసిన తప్పు నలుగురిలో ఒప్పుకోవాలి. ఒప్పుకున్నవాడి మాటకే విలువ. దాచిపెట్టి అడిగినవాణ్ణి నోరు మూయించి కూర్చోబెట్టేవారు.

డేరాలో క్యాంపు డ్రైవరు ఖాదర్‌వలి, కడప మనిషి, మాటలు అరబ్బీలోకి మార్చి చెబుతున్నాడు. దేవయ్య చేతులు కట్టుకుని లేచాడు.

"సార్, మేం తప్పు జేసినం. చాయ్ కోసం కొమ్మలు ఇరిసినం. ఇగ చెయ్యి పెట్టం. ఆ రోడ్డుపక్క చెట్ల నీడ మాత్రం ఇడిసిపెట్టుండ్రి. మా అన్నదమ్ములం కలిసేటందుకు ఇంకో జాగ లేదు."

ఖాదర్‌వలి తటపటాయించాడు. "కొమ్మల సంగతి మనకెందుకబ్బా? అది ఇడిసిపెట్టి మిగతాది చెప్తా."

"వద్దు భాయ్. ఉన్నదున్నట్టు జెప్పు."

చెప్పాడు. ఆఫీసరు శ్రద్ధగా విన్నాడు, నిజం చెప్పినందుకు మెచ్చుకున్నాడు. మనూళ్ళో అయితే అక్కడికి పని అయిపోయినట్టే. దేవయ్య సంతోషంగా రూమ్‌కు వచ్చాడు.

కొన్నాళ్ళకు ప్లాను వచ్చింది. కొమ్మలు విరుస్తున్న చోటు ఏదో తెలిసిపోయింది గనక ముందుగా ఆ చెట్లకే కంచె అన్నారు. పదిహేనేళ్ళు ఎవరూ అడుగు పెట్టకూడదట. ఏ తప్పూ ఒప్పుకోని ఒంటెలవాళ్ళకు మాత్రం అడిగిన దారి దొరికింది. అలాగని ఆఫీసువాళ్ళది అన్యాయమనడానికీ లేదు, ఆ ముసలిచెట్ల కింద మొలక ఒక్కటీ బతకడంలేదు మరి. కంచె పని దేవయ్య కంపెనీకే వచ్చింది. ఖర్మ కాకపోతే, కంచె స్తంభాలకు గుంతలు తవ్వే డ్యూటీ అతనికే పడింది.

ఆ శుక్రవారం నర్సింగ్ డబ్బాతో వచ్చి రోడ్డుమీద నిలబడ్డాడు. జూన్ ఎండ నిప్పులు చెరుగుతోంది. నిలబడే నాలుగు ముద్దలు తిన్నారు.

"తప్పయింది తమ్మీ."

"నువ్వు మంచిగనే జెప్పినవ్‌లే అన్నా. మనూరనుకున్నవ్," అన్నాడు నర్సింగ్.

తోటకు తిరిగి వెళ్తూ దారిలోనే ఎండదెబ్బకు పడిపోయాడు. మళ్ళీ రావద్దని దేవయ్యే ఒట్టు పెట్టించుకున్నాడు. అప్పటినుంచి ఇద్దరికీ ఫోనే గతి.

ఎండలు తగ్గకముందే నర్సింగ్ వీసా అయిపోయింది. ఒకరోజు సైట్‌లో ఉండగా దేవయ్య ఫోన్ మోగింది.

"మస్కట్ ఎయిర్‌పోర్టుల ఉన్ననే. లోపలికి పిలుస్తుండ్రు. పోయొస్త అన్నా."

"డ్యూటీల ఉన్న తమ్మీ," అన్నాడు దేవయ్య. "పైలంగ పో."