అత్త సమాధికి తీగ గులాబీ

బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్న ఏడు, నొప్పికన్నా మా తోడికోడలు మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. నాకన్నా చిన్నది, పక్క వాటాలోనే ఉంటుంది. నేను వాకర్ పట్టుకుని వాకిట్లోకి వచ్చిన మొదటిరోజే తీగ గులాబీని చూపించి అంది:

"ఇంక దీన్నెవరు చూస్తారక్కా? కొట్టించేస్తాలే. ఈస్టర్‌కి అత్త సమాధి మీదికి ప్లాస్టిక్ దండ తెచ్చి పెట్టినా. కడిగి పెట్టుకుంటే పదేళ్ళు వస్తాది."

ఆ తీగ అత్త నాటింది. ఈస్టర్ తెల్లవారుజామున మేమంతా పూలు, కొవ్వొత్తులు పట్టుకుని మా వాళ్ళ సమాధుల దగ్గరికి వెళ్తాం. అత్తకి ఏటా ఆ గులాబీలే. అత్త మంచాన పడినప్పుడు ఒళ్ళు తుడిచింది నేను. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడింది ఈవిడ. అలాంటి మనిషి అత్తకి ప్లాస్టిక్ పూలు పెడుతుందా? నాకు ఒళ్ళు మండిపోయింది.

"తీగ మీద చెయ్యి వేసి చూడు, చెప్తా," అన్నాను.

చిక్కేమిటంటే తీగ మిద్దె ఎక్కి కూర్చుంది. పూలన్నీ పైన కొసలకే. నేను మెట్లెక్కలేను, స్టూలు మాటే లేదు. నేను ఎక్కలేనప్పుడు అదే దిగి రావాలి.

కుర్చీ వేసుకుని, మామిడికాయలు కోసే దోటితో ఒక్కో కొమ్మనీ కిందికి లాగాను. ఒక్కసారిగా వంచితే విరుగుతుంది. అందుకని ఇవాళ కొంచెం, రేపు కొంచెం. ఎండిన పుల్లలు తీసేసి, పక్క రెమ్మల్ని పొట్టిగా కత్తిరించి, పొడుగు కొమ్మల్ని నా భుజం ఎత్తులో కిటికీ ఊచలకి అడ్డంగా కట్టాను. నిలువు కొమ్మ కొసనే పూస్తుంది, పడుకోబెడితే కణుపు కణుపుకీ చిగురేస్తుంది. గూడూరు నిమ్మతోటల్లో పెరిగినదాన్ని, ముళ్ళు నాకో లెక్కా? ఒక్కో ముడీ ఆవిడ మాట తలుచుకుంటూ బిగించాను.

కట్టడానికి మెత్తటి గుడ్డ కావాలి కదా. ఆ క్రిస్మస్‌కి ఆవిడ నాకు పెట్టిన కొత్త చీర బీరువాలో ఉంది. తీసి పేలికలుగా చింపాను. ఆ చప్పుడు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆవిడ వచ్చి చూసింది. "అది నేను పెట్టిన చీర కదక్కా?"

"అవును. బాగా పనికొస్తా ఉండాది."

ఈస్టర్‌కి ముందొచ్చే నలభై రోజుల శ్రమదినాలు మొదలయ్యేసరికి ఊచల నిండా మొగ్గలు. క్షమించమని పాస్టరుగారు ప్రతి ఆదివారం చెబుతూనే ఉన్నారు. ఈస్టర్ అయ్యాక చూద్దాంలే అనుకున్నాను.

ఈస్టర్ ముందు శనివారం సాయంత్రం కుర్చీలోంచి లేవకుండానే రెండు బుట్టలు కోశాను. తెల్లవారుజామున ఆటోలో వెళ్ళి, అత్త సమాధి గట్టు మీద కూర్చుని, సిమెంటు కనపడకుండా పరిచాను. చర్చివాళ్ళంతా ఆగి చూస్తుండగా తోడికోడలు వచ్చింది, ప్లాస్టిక్ దండ కవరుతో. పెట్టడానికి చోటు లేదు. కవరు వెనక్కి దాచుకుని, నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అడిగింది.

"ఒక్క పూవు ఇయ్యక్కా, నేనూ పెట్టినట్టు ఉంటాది."

"అన్నీ అత్తకి ఇచ్చేసినా," అన్నాను. "కావాలంటే ఆమెనే అడుగు."