సుగుణత్త తెరిచిన వయల్

నిన్న పొద్దున ఫోన్‌లో "సుగుణత్త పోయింది" అని విన్నాను. ఏడుపు రాలేదు.

ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను.

రేపు అత్త మూడోరోజు. హైదరాబాద్‌లో నా పీహెచ్‌డీ ఇంటర్వ్యూ కూడా రేపే.

"సూడుండ్రి, అది ఇంటర్వ్యూకు పోనే పోతది. దానికి మనసే లేదు" అని చిన్నమ్మ తేల్చేసింది.

నేను తెరిచింది అత్త ఫోటోలు. ఏం చూస్తున్నావని ఎవరూ అడగలేదు.

అత్త మా బాపు చెల్లెలు. చొప్పదండి చుట్టుపక్కల ఊళ్ళలో ముప్పై ఏళ్ళు సూదులు వేసిన నర్సు. నిన్న చాయ్ తాగి, కుర్చీలోనే కన్ను మూసింది. ఎవరినీ పరేషాన్ చేయలేదు.

కరోనా టైంలో బడి వరండాలో వ్యాక్సిన్ క్యాంప్. నేను పేర్లు రాసేదాన్ని.

ఒక వయల్, అంటే మందు సీసా, తెరిస్తే పది మందికి. నాలుగు గంటల్లో వాడాలి, లేదంటే పారేయాలి. ఆ రోజు అత్త తెరిచేసింది. జ్వరం వస్తదన్న భయంతో జనం రాలేదు, ఏడుగురే వచ్చారు. మిగతా మూడు డోసులకు ఇటుక బట్టీలో పనిచేసే ఒడిశా వాళ్ళను పిలవమంది.

మా ఊరి మల్లయ్య కాక లేచాడు. "దేశం సూదులు పక్క దేశాలకు పంపుడాయె, ఇగ ఊరి సూదులు బట్టీకా?"

అత్త తల కూడా ఎత్తలేదు. "నీ కొడుకు మస్కట్‌ల ఉన్నడు గద మల్లన్నా. ఆడ సూది ఏసినోళ్ళు ఆన్ని బయటోడు అన్నరా?"

కాక కాసేపు బీడీ వెతుక్కున్నాడు. తర్వాత ట్రాక్టర్ తీసుకుని బట్టీకి పోయి, ముగ్గురిని తెమ్మంటే పదకొండు మందిని తెచ్చాడు!

అత్త లెక్కేసింది. "ముగ్గురు పోను ఎనిమిది మంది. ఇంకో వయల్ తెరువాలంటే ఇద్దరు తక్కువున్నరు. నువ్వు కూసో, నీ పెండ్లాన్ని గూడ పిల్వు!"

అప్పటిదాకా ఆయనే వేయించుకోలేదు.

వ్యాక్సిన్ ఉన్న దేశం లేని దేశానికి ఎందుకు ఇస్తుంది, ఎవరికి ముందు ఇస్తుంది? ఆ వరండాలో పుట్టిన ప్రశ్నే నా పీహెచ్‌డీ టాపిక్. ఇంట్లో వాళ్ళకు మాత్రం అది పెళ్ళి తప్పించుకునే సాకు.

పోయిన వారం అత్తకు చెప్పాను. పొరుగని, దోస్తీ అని, వ్యాపారమని, తమవాళ్ళు అక్కడ పనిచేస్తున్నారని ఇస్తారు. కొందరైతే మందు గడువు దగ్గరపడ్డాక ఇస్తారు.

"ఎందుకన్న ఇయ్యనీ కోడలా. గడువు ఉండంగ ఇచ్చిండ్రా? ఆడ ఫ్రిజ్ ఉన్నదా, ఏసెటోళ్ళు ఉన్నరా? ఇంటర్వ్యూల గదే చెప్పు."

ఇంతకన్నా మంచి చాప్టర్ నేను రాయలేను.

నీ చేతి సూది నొప్పి తెలిసేది కాదు సుగుణత్తా. నువ్వున్న చోట నీకూ ఏ నొప్పీ తెలియకూడదు. హాయిగా పడుకో.

రేపు మొదటి బస్సుకు హైదరాబాద్ వెళ్తున్నాను.