సర్కారు కుర్చీ

మా ఎకనామిక్స్ మాస్టారు పోయారన్న కబురు నాకు వాడు చెప్పాడు. ముందు అదే మండింది నాకు. ఆ రోజు మధ్యాహ్నం సాలూరులో, మా నాన్న లారీలకి ఆఫీసు అని చెప్పుకునే రేకుల షెడ్డులో కూర్చుని డీజిలు బిల్లులు చూసుకుంటుంటే ఫోను మోగింది. "మాస్టారు నేరే. ఇందాకే పోయారు. నాను ఆస్పత్రి కాడే ఉన్నాను," అన్నాడు. ఏడవాల్సిన సమయంలో నాకొచ్చిన మొదటి ఆలోచన చెబితే మీరు నన్ను తిట్టుకుంటారు. ఆస్పత్రికి వాణ్ణి పిలిచారు, నన్ను పిలవలేదు. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

వాడంటే నా క్లాసుమేటు. పూసపాటిరేగ దాటాక సముద్రం ఒడ్డున ఒక ఊరు వాళ్ళది. తండ్రి వేటకి వెళ్తాడు, తల్లి చేపలమ్ముతుంది. వాడు మాత్రం మాటలమ్ముతాడు. లోకల్ కేబుల్ టీవీ చర్చల్లో పార్టీ తరఫున మాట్లాడేది వాడే. ఏ పార్టీ అని అడక్కండి, ఇప్పటికి రెండు మారాడు. డిగ్రీలో మా ఇద్దరికీ విజయనగరంలో ఈ మాస్టారే ఎకనామిక్స్ చెప్పారు. మార్కులు నాకొచ్చేవి. మాస్టారు వాడికి దక్కారు.

మాస్టారికి ఏ పార్టీ లేదు. ఉన్నదల్లా బిల్లుల పిచ్చి. సబ్బు కొన్నా బిల్లడిగేవారు. కంటోన్మెంట్ వీధిలో కిరాణా కొట్టాయన ఆయన్ని దూరంనుంచి చూసి పుస్తకం తీసి సిద్ధంగా పెట్టుకునేవాడు. "బిల్లడగనోడికి సర్కారుని అడిగీ హక్కు నేదు," అనేవారు మాస్టారు. పెళ్ళి భోజనాల్లో ఎవరైనా పన్నులు పెరిగిపోయాయని మొదలుపెడితే, నువ్వు వేసుకున్న చొక్కాకి బిల్లుందా అని అడిగి వాళ్ళ నోరు మూయించేవారు. బంతిలో ఆయన పక్కన కూర్చోవడానికి చాలామంది జంకేవాళ్ళు.

ఏటా బడ్జెట్ రోజున పాత విద్యార్థులందరం ఆయన ఇంటి అరుగు మీద చేరేవాళ్ళం. టీవీని కిటికీలో బయటకి తిప్పి పెట్టేవారు. అరుగు మీద ఒక చేతుల కుర్చీ ఉండేది. ఎప్పుడో ఏదో ఆఫీసు సామాను వేలం వేస్తే కొన్నారట. టేకుది, ఏనుగంత బరువు. దాని ఎడం చెయ్యి మాత్రం వదులు. దానికి మేం పెట్టిన పేరు సర్కారు కుర్చీ. నియమం ఒకటే. ప్రభుత్వాన్ని తిట్టినవాడు వెళ్ళి అందులో కూర్చోవాలి. కూర్చున్నాక వాడే ప్రభుత్వం. మిగతా అందరం అడుగుతాం, వాడు జవాబు చెప్పాలి. "పాత ప్రభుత్వం వల్ల" అన్న మాట నోట్లోంచి వచ్చిందా, లేచిపోవాలి. లేచినవాడికి ఆ పూట టీ లేదు.

రాష్ట్రం విడిపోయిన ఏడాది సంగతి చెప్తాను. కొత్త రాష్ట్రం పుట్టడమే లోటు బడ్జెట్‌తో పుట్టింది. ఆ లోటు ఎవరి పుణ్యం అన్నదే ఊరంతా గోల. ఇక్కడివాళ్ళు ఢిల్లీ ఇవ్వలేదంటారు. ఢిల్లీవాళ్ళు ఇచ్చింది ఏం చేశారంటారు. ఇద్దరూ కలిసి విడగొట్టినవాళ్ళని తిడతారు. మావాడు అరుగెక్కుతూనే ప్రభుత్వాన్ని ఏకి పెట్టాడు. "ఏటి ఆ అరుపులు, ఎల్లి కూకో," అన్నారు మాస్టారు. వాడు కూర్చున్నాడు. లోటు ఎలా పూడుస్తావని అడిగాం. వాడు కుర్చీ చేతిని బాదుతూ "అసలు విడగొట్టినోల్లు," అని మొదలెట్టాడో లేదో, ఆ చెయ్యి ఊడి వాడి చేతిలోకి వచ్చేసింది.

"లెగు!" అన్నారు మాస్టారు. "ఆడలేక మద్దిల ఓడన్నాడంట నీలాంటోడే. కుర్చీలో కూకున్నోడికి నిన్న ఉండదురా దున్నపోతా. ఇయాల్టి అప్పు, రేపటి పన్ను, అంతే ఉంటాది. అది సెప్పలేనోడివి కూకోడం దేనికి?"

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు, ఊడిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. నేను నవ్వలేదు. ఆయన నన్ను ఎప్పుడూ అలా తిట్టలేదు. నాతో ఎప్పుడూ "అవునమ్మా", "బాగా సెప్పినావమ్మా" అనేవారు. ఆ "అమ్మా"తో నన్ను గడప అవతలే నిలబెట్టేశారనిపించేది. వాణ్ణి తిట్టిన ప్రతి తిట్టూ ఒక ముద్దలా వాడి నోట్లో పెడుతున్నట్టుండేది. పైగా టీ లేదన్నది పేరుకే. వాడు అలా లేచి ఇలా వంటింట్లోకి పోయేవాడు. వాళ్ళమ్మ పంపిన ఎండు నెత్తళ్ళ పొట్లం మాస్టారి భార్య చేతిలో పెట్టి, అక్కడే గ్లాసుడు టీ తాగి మూతి తుడుచుకుంటూ వచ్చేవాడు. నెత్తళ్ళ వాసన నాకు ఈ రోజుకీ అసూయ వాసనే.

మాస్టారి భార్యని మేం అమ్మగారనేవాళ్ళం. బడ్జెట్ ప్రసంగం నడిచినంతసేపూ ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి వినేవారు. అందరం వెళ్ళిపోయాక ఊడిన చెయ్యిని మళ్ళీ తగిలించి, గుడ్డతో కుర్చీ తుడిచి గోడకి జరిపేది ఆవిడే. ఆవిడ అందులో కూర్చోవడం మాత్రం మేమెవరం చూడలేదు.

జీఎస్‌టీ వచ్చిన ఏడాది తర్వాతి బడ్జెట్‌కి నేను తెగించాను. నన్నెవరూ కూర్చోమనలేదు. నేనే వెళ్ళి కూర్చున్నాను. డీజిలుని జీఎస్‌టీలో ఎందుకు కలపలేదు, కలిపితే రాష్ట్రానికి ఎక్కడ గండి పడుతుంది, కలపకపోతే మా నాన్నలాంటి లారీవాడు ఎక్కడ నలిగిపోతాడు, అన్నీ చెప్పాను. పాతవాళ్ళ ఊసెత్తలేదు. చేతిని బాదలేదు. మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు. నేను ఆయన ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నాను. ఒక్క ప్రశ్న, నన్ను తడబడేలా చేసేది. కళ్ళు తెరిచి, "బాగా సెప్పినావమ్మా. టీ తాగు," అన్నారు. అంతే. ఆ టీ అంత చేదు టీ నేను తాగలేదు.

ఆయన మీద కోపం లేదని చెప్పను. ఆడపిల్లని అడగడానికి మొహమాటపడ్డారేమో, లేక నా దగ్గర తప్పు దొరకదని వదిలేశారేమో. తప్పు దొరికేవాళ్ళ మీదే మాస్టర్లకి ప్రేమ ఎక్కువేమో. కానీ ఒక మాట చెప్పాలి. ఇవాళ సాలూరులో ఏ లారీ యజమాని నా షెడ్డుకొచ్చి ప్రభుత్వాన్ని తిట్టినా, నేను నా కుర్చీ ఇచ్చి ఇలా కూర్చుని చెప్పు బాబూ అంటాను. సగం మంది కూర్చోరు. కూర్చున్నవాళ్ళు కాస్త నెమ్మదిగా మాట్లాడతారు. అది ఆయన పెట్టిన భిక్షే.

పెద్దకర్మకి వెళ్ళాను. వీధి మొదట్లోనే ఫ్లెక్సీ. 'తీరని లోటు' అని రాయించి మాస్టారి బొమ్మ వేయించాడు వాడు. కింద తన బొమ్మ కూడా వేయించుకున్నాడు, మాస్టారి బొమ్మకన్నా ఒక్క వేలెడు చిన్నది. నాకు అక్కడే ఒళ్ళు మండింది. భోజనాలు అయి జనం పలచబడ్డాక అరుగు మీద వాడు, నేను మిగిలాం.

"నేరుగా విశాఖ తీసుకెళ్ళాల్సింది," అన్నాను. "నీ పార్టీ పలుకుబడంతా ఏమైంది?"

"ఏటే, నాను తీసికెల్లననుకున్నావా?" అని లేచాడు. "అంబులెన్సు ఎంతకీ రానేదు. ఇక్కడ గుండె డాక్టరే నేడు. పాత ప్రభుత్వం ఆ పోస్టు నింపితే కదా!"

"కొత్త ప్రభుత్వం ఏం నింపింది? ఫ్లెక్సీలా?"

"డబ్బులెక్కడున్నాయే? ఖజానా ఊడ్సీసి పోనారు ఆల్లు!"

"నువ్వు అప్పుడు వాళ్ళ పార్టీలోనే ఉన్నావు కదరా!"

గొంతులు లేచిపోయాయి. లోపలినుంచి అమ్మగారు వచ్చారు. మమ్మల్ని ఆగమనలేదు. గోడ పక్కనున్న సర్కారు కుర్చీని రెండు చేతులా ముందుకు లాగారు. వాడు సాయం చెయ్యబోతే వద్దన్నారు. లాగి, అందులో కూర్చున్నారు.

"ఇప్పుడడగండి," అన్నారు. "సర్కారుని నానే."

మేం అడిగేలోపే ఆవిడే మొదలుపెట్టారు.

"పొద్దున్నే గుండెల్లో నొప్పన్నారు. గేసనుకున్నాను. వాము నీల్లిచ్చి పడుకోమన్నాను. ఎవులికీ ఫోను సెయ్యనేదు. నెత్తల్లు ఇద్దామని ఈడు రాబట్టి ఆస్పత్రికైనా ఎల్లినాం. పాతోల్లు నేరు, కొత్తోల్లు నేరు ఇందులో. ఇంట్లో ఉన్నది నాను. ఏటడుగుతారో అడగండి."

అయితే ఆ రోజు ఎవరూ వాణ్ణి పిలవలేదన్నమాట. ఇన్నాళ్ళూ నేను కుళ్ళుకున్నది చేపల పొట్లం పట్టుకుని వచ్చినవాణ్ణి చూసి. వాడు స్తంభానికి ఆనుకుని పిల్లాడిలా ఏడుస్తున్నాడు. కార్యాల ముందు దాకా కేబుల్ టీవీలో అరిచిన గొంతేనా ఇది అనిపించింది. ఆవిడ తప్పేమీ లేదని చెప్పాలనుకున్నాను. కానీ అది జవాబు చెప్పేవాళ్ళ కుర్చీ, ఓదార్పు పుచ్చుకునేవాళ్ళది కాదు.

నిజం చెప్తున్నాను, అప్పుడు కూడా నాకు అసూయే కలిగింది. ఈసారి వాడి మీద కాదు. ఆ కుర్చీలో ఎలా కూర్చోవాలో మాస్టారు మాకు ఇన్నేళ్ళు నేర్పారు. ఒక్కళ్ళకి వచ్చింది, గుమ్మం దగ్గర నిలబడి విన్నావిడకి. ఆయన ఉండి ఉంటే ఆవిణ్ణి ఏం అడిగేవారో, ఏమని తిట్టేవారో నాకు తెలియదు. ఆవిడ లేవలేదు. ఎడం అరచేతిని ఆ వదులు చెయ్యి మీద గట్టిగా నొక్కిపెట్టి, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నారు. ఆ చెయ్యి ఊడలేదు.