జార్జియా ఇంటి ఓనరు మల్సూర్

మల్సూర్ ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల్ని పలకరించడు, బియ్యాన్ని పలకరిస్తాడు. వాకిట్లో చెప్పులు విడిచి, "బాగున్నరా" అనే మాట ఇంకా సగం నోట్లో ఉండగానే వంటింట్లోకి నడుస్తాడు. డబ్బా మూత తీసి, గుప్పెడు బియ్యం తీసుకుని, నాలుగు గింజలు నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని కటుక్కున కొరుకుతాడు. అంతసేపూ ఇంటివాళ్లు తీర్పు కోసం చేతులు కట్టుకుని నిలబడాలి. మిగిలిన గింజలు ఒక్కటీ కింద పడకుండా డబ్బాలో పోసి మూత పెట్టాక, అప్పుడు మనుషుల వైపు తిరిగి, "ఇగ చెప్పున్రి, అంత మంచిదేనా?" అంటాడు.

ఇది ముప్ఫై అయిదేళ్ల వృత్తి తెచ్చిపెట్టిన జబ్బు. మిర్యాలగూడ మిల్లులకూ హైదరాబాద్ షాపులకూ మధ్య బేరాలు కుదిర్చే బియ్యం బ్రోకరు ఆయన. గింజ కొరికితే ఏ రకమో, ఎన్ని నెలల పాతదో, సాగర్ కాలువ నీళ్లకు పండిందో బోరు నీళ్లకు పండిందో చెప్పేస్తాడని పేరు. మర పట్టేటప్పుడు కరెంటు ఎన్నిసార్లు పోయిందో కూడా చెప్తాడని కొందరంటారు గానీ అది కాస్త ఎక్కువ. మేనల్లుడి పెళ్లిలో అందరూ అక్షింతలు వధూవరుల మీద చల్లుతుంటే ఈయన తన వాటా నోట్లో వేసుకుని, "నూకలు కలిపిన్రు" అని మైకులో వినబడేంత గట్టిగా అన్నాడు. ఆడపెళ్లివారు రెండేళ్లు ఆయనతో మాట్లాడలేదు.

ఈ జబ్బు వల్ల నెలనెలా నలిగిపోయేవాడు సూర్యాపేట ప్రేమ్ కుమార్ సారు. మోతె హైస్కూల్లో లెక్కలు చెప్తాడు. ఒకటో తారీఖు పొద్దున్నే మల్సూర్ కిరాయి వసూలుకు దిగేవాడు. సారుది సొంతిల్లే. కిరాయి ఆ ఇంటికి కాదు, నాలుగు దేశాలు దాటాక జార్జియా రాజధాని టిబిలిసిలో, నాలుగో అంతస్తులో ఉన్న ఫ్లాటుకు. అందులో సారు కూతురు ఉంటూ మెడిసిన్ చదువుతోంది. ఓనరు మిర్యాలగూడలో, ఇల్లు జార్జియాలో, కిరాయి సూర్యాపేటలో. ఈ ఏర్పాటు లెక్కల సారుకే ఒక పట్టాన అర్థం కాలేదు.

ఆ ఫ్లాటు కొనడానికి కారణం కూడా బియ్యమే. మల్సూర్ కూతురు నవనీత అక్కడ మెడిసిన్‌లో చేరినప్పుడు ఈయన వెంట వెళ్లాడు. హాస్టల్లో భోజనానికి కూర్చున్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. "ఇది బియ్యమా? బియ్యానికి దూరపు చుట్టమా?" అని అడిగాడు. వడ్డించేవాడికి తెలుగు రాదు కాబట్టి గొడవ కాలేదు. బిడ్డ ఆరేళ్లు ఆ అన్నం తినాలా అన్న దుఃఖంతో రాత్రంతా దొర్లి, మర్నాడే వంటిల్లున్న ఫ్లాటు వెతికాడు. ఆ దేశపు బ్యాంకు నవ్వుతూ అప్పిచ్చింది. వాయిదా డాలర్లలో. బ్యాంకువాళ్లు నవ్వుతూ ఎందుకిచ్చారో డాలరు పెరగడం మొదలయ్యాక ఆయనకు తెలిసింది.

నవనీత చదువు ముగించి వచ్చేసింది. ఫ్లాటూ వాయిదాలూ మిగిలాయి. అమ్ముదామంటే కొన్న ధర పలకడం లేదు. బండి అమ్మాడు, ఊళ్లో ఉన్న ఇంటి స్థలం అమ్మాడు, పల్లెవెలుగు బస్సెక్కాడు. ఊళ్లో మాత్రం ఆయన ఫారిన్‌లో ఇల్లున్న ఆసామి. గణేశ్ మండపం కుర్రాళ్లు అడక్కుండానే పదివేలు రాసేసేవాళ్లు. "అయిదు వందలిస్త" అంటే, "ఫారిన్ల ఇల్లు పెట్టుకొని గిదేందే మల్సూరన్నా!" అని చందా పుస్తకం ముక్కు మీద పెట్టేవాళ్లు. దూరపు బంధువులు అప్పులకు వచ్చి కూర్చునేవాళ్లు. అప్పుల్లో మునిగినవాడి దగ్గర అప్పుకు వచ్చినవాళ్లను చూసి ఆయన భార్య ఆండాలు టీ పొయ్యి ఆర్పేసేది.

అందుకని ఫ్లాటును అక్కడ మెడిసిన్ నాలుగో ఏడు చదువుతున్న ముగ్గురు ఆడపిల్లలకు కిరాయికిచ్చాడు. ఒకమ్మాయి ప్రేమ్ కుమార్ సారు కూతురు. రెండో అమ్మాయి కోదాడలో ఎరువుల దుకాణం నడిపే శశిధర్ కూతురు. మూడో అమ్మాయి తల్లి ఈదమ్మ. మోతెలో సారు పనిచేసే బడిలోనే మధ్యాహ్న భోజనం వండుతుంది. భర్త లేడు. హైవే పక్కనున్న ఒకే ఒక్క ఎకరం అమ్మి పిల్లను పంపింది. మన జిల్లాలో సీటు ఏ దేశంలో వచ్చినా దాని పేరు ఫారినే, కాబట్టి ముగ్గురికీ సమానంగా గౌరవం దక్కింది. కిరాయి మాత్రం సమానం కాదని అప్పటికి ఎవరికీ తెలియదు.

ఒకటో తారీఖున మల్సూర్ వచ్చేవాడు. సారు భార్య రాణి కొంగు సర్దుకుని డబ్బా పక్కన నిలబడేది. కటుక్. "సోనా. ఏడాది పాతయి. ఏం సారూ, ఈ నెల పద్నాలుగు వేలే ఉండనియ్యి" అనేవాడు.

"పిల్లలకు నీళ్లు సరిగ్గ వస్తలేవంటన్నా" అని సారు మొదలుపెట్టేవాడు.

"నీళ్లు గక్కడి మున్సిపాలిటీని అడగాలె సారూ. నాకు గింజలు తప్ప ఏం తెల్వది."

కోదాడలో సంగతి వేరు. శశిధర్ భార్య రోజా, బ్రోకరుగారు వస్తున్నారని తెలిసిన మొదటి నెలలోనే స్టీలు డబ్బా తళతళా తోమి, అందులో బాస్మతి పోసి ఎదురుగా పెట్టింది. "మేం ఇవే తింటామండీ, వేరేవి మా ఆయనకు సయించవు" అంది. మల్సూర్ కొరికి, తలూపి, ఇరవై నాలుగు వేలన్నాడు. శశిధర్ ముఖం చిన్నబోయినా లెక్కపెట్టి ఇచ్చాడు.

ఇలా రెండేళ్లు నడిచింది. వచ్చే కిరాయిలు వాయిదాకు చాలవు, మిగతాది మల్సూర్ తన కమీషన్లలోంచి వేసేవాడు. ఈ ఏడు కమీషన్లు పడిపోయాయి, డాలరు పడలేదు. రెండు వాయిదాలు తప్పాయి. ఈ నెలాఖరుకు మూడోది కూడా తప్పితే ఫ్లాటు వేలం వేస్తామని బ్యాంకు ఉత్తరం రాసింది. పిల్లల ఆఖరి పరీక్షలకు ఇంకా అయిదు నెలలుంది. ఇల్లు పోతే ముగ్గురూ సామాను పట్టుకుని చలిలో రోడ్డున పడాలి. ఆ ఉత్తరం జేబులో పెట్టుకునే మల్సూర్ ఒకటో తారీఖున బయల్దేరాడు.

రెండో తారీఖున బడిలో వంట ముగిశాక ఈదమ్మ సారు దగ్గరకొచ్చి నిలబడింది.

"సారూ, మా పిల్లను గా ఇంట్లకెల్లి ఖాళీ చేపిస్త. ఇంకేడన్న చిన్న రూము ఉంటే మీ పాపతోని జర సూపియ్యమను."

"ఎందుకమ్మా? పరీక్షల ముందట?"

"కిరాయి పద్నాలుగు వేలు చేసిండు సారూ."

"నేనూ పద్నాలుగే ఇస్తున్న గదా. ఇంతకు ముందెంత?"

"రెండు వేలు. మొదట్నించి గంతే."

సారు చేతిలో సుద్దముక్క విరిగింది. ఒకే ఇల్లు, ఒకే గది, ఒకే కిటికీ! ఆయన అక్కడికక్కడే శశిధర్‌కు ఫోన్ చేశాడు. ఇరవై నాలుగట! తన దగ్గర పన్నెండు వేలు ఎక్కువ గుంజుతున్నాడనీ, ఇప్పుడు ఆకలి పెరిగి విధవరాలి మీద పడ్డాడనీ సారుకు ఒళ్లు మండిపోయింది. లెక్కల సారుకు అన్యాయం కంటే తప్పు లెక్క ఎక్కువ కోపం తెప్పిస్తుంది. ఇక్కడ రెండూ ఉన్నాయి.

ఆదివారం చర్చి నుంచి అటే మిర్యాలగూడ బస్సెక్కాడు. దారంతా మాటలు కూర్చుకున్నాడు. తీరా ఆ ఇంటికి చేరేసరికి అవేవీ గుర్తుకు రాలేదు. చెప్పులు విడిచి, "బాగున్నరా" అనైనా అనకుండా నేరుగా వంటింట్లోకి పోయి డబ్బా మూత తీశాడు.

"ప్రతి నెల నా డబ్బా చూస్తవు గదా, ఇయ్యాల నీది చూద్దాం!"

డబ్బాలో నూకలున్నాయి. తెల్లటి, సన్నటి, ఉత్త నూకలు. బియ్యం బ్రోకరు ఇంట్లో ఒక్క నిండు గింజ లేదు. సారు చేయి డబ్బాలోనే ఉండిపోయింది.

"నూకలు జల్ది అరుగుతయి సారూ" అన్నాడు మల్సూర్ వెనకనుంచి, చిన్నగా. "ఈ వయసుల గవే మంచియి."

"డాక్టరు చెప్పిండా, బ్యాంకు చెప్పిందా?" అంది ఆండాలు.

సారు కోపం సగం దిగింది. మిగిలిన సగంతోనే అడిగాడు. "ఒక్క ఇంటికి మూడు కిరాయిలేందన్నా? ఇదేం లెక్క?"

మల్సూర్ పీట మీద కూర్చున్నాడు. "నువ్వు అడిగినవు గనక చెప్తున్న. నీకు ఎంత కష్టమని ఎవర్నన్న అడిగితే చెప్తరా? లేనోడు ఉన్నదంటడు, ఉన్నోడు లేదంటడు. మనిషి అబద్ధమాడుతడు సారూ, డబ్బా ఆడదు. ఈదమ్మ డబ్బాల రేషన్ దొడ్డు బియ్యం. రెండు వేలన్న. నీ ఇంట్ల పాత సోనా. పద్నాలుగు. కోదాడల బాస్మతి. గాయన్ని ఎందుకు ఇడిచిపెడత?"

రెండేళ్లుగా గింజలు కొరికే జబ్బనుకున్నది ఇందుకా! ఆయనకు సిగ్గేసింది. కానీ లెక్క ఇంకా తేలలేదు.

"మరి ఈ నెల ఈదమ్మకు పద్నాలుగెందుకు చేసినవు?"

మల్సూర్ ముఖం వెలిగిపోయింది. "ఆమెకు మంచి రోజులొచ్చినయి సారూ! డబ్బాల సన్న బియ్యం. అచ్చం మీ ఇంటియి లెక్క!"

"అన్నా, రేషన్ల ఇప్పుడిచ్చేది సన్న బియ్యమే గదా!"

"నాకు తెల్వదా? ఇన్ని నెలలు సూస్తలేనా? రేషన్ సన్నాలేందో, షాపు పాత సన్నాలేందో పంటి కింద పడంగనే చెప్త!"

"పన్నుంటే చెప్తవు!" అంది ఆండాలు.

మల్సూర్ గబుక్కున నోరు మూసుకున్నాడు. కానీ ఆండాలు మూసుకోలేదు. "పోయిన నెల పండ్లన్ని పీకిచ్చుకున్నడు సారూ. ఇవి పెట్టుడు పండ్లు. వాటికి బియ్యమూ తెల్వది, రాళ్లూ తెల్వయి. చెప్తే ఇజ్జత్ పోతదని నా నోరు మూపిచ్చిండు."

మల్సూర్ చేతులు జోడించాడు. "రెండు చేతులా నమస్కారం సారూ, మిల్లుల కాడ అనకున్రి. బ్రోకరుకు పండ్లు లేవని తెలిస్తే ఎవడు పిలుస్తడు?" అని, అంతలోనే గుండె మీద చేయి పెట్టుకున్నాడు. "అయ్యో, ఈదమ్మ ఒక్క మాటన్న అనలేదు! తల ఊపింది!"

సారు అక్కడే కూర్చుని కాగితం మీద లెక్క వేశాడు. తనూ శశిధరూ అయిదు నెలల కిరాయి ముందే కట్టేస్తే, తప్పిన వాయిదాలు పూడుతాయి, మళ్లీ మూడు తప్పేలోగా పరీక్షలు అయిపోతాయి. కోదాడకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాడు. అటునుంచి శశిధర్ గొంతు తగ్గించాడు.

"అంటే... ఆ బాస్మతి చూసి ఇరవై నాలుగా అండీ? అది ఆయనొచ్చినప్పుడు చూపించడానికేనండీ! మేం తినేది మామూలు సోనా!"

"అయితే తగ్గించమని చెప్పనా?"

"వద్దండీ, వద్దు! బాస్మతి ఉత్తదేనని కోదాడలో తెలిస్తే పరువు పోద్ది. ఇరవై నాలుగే ఉంచమనండి. అయిదు నెలలదీ రేపే పంపిస్తా."

ఆ సాయంత్రమే సారూ మల్సూరూ మోతె వెళ్లారు. ఈదమ్మ వాకిట్లో గ్రైండరు తిరుగుతోంది. పద్నాలుగు వేల మాట విన్న మర్నాటి నుంచే ఆమె దోసెల పిండి అమ్మడం మొదలుపెట్టింది. మల్సూర్ వంటింటి వైపు చూడను కూడా చూడకుండా అరుగు మీద కూర్చున్నాడు.

"చెల్లే, నీ కిరాయి మళ్ల రెండు వేలే. డాలరు పడిపోయింది."

"డాలరు పడితే టీవీల చెప్తలేరేంది?"

మల్సూర్ సారు వైపు దీనంగా చూశాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో తప్పు అంకె చెప్పి ఎరుగని సారు గొంతు సవరించుకున్నాడు. "బాగ పడిందమ్మా. సగానికి సగం."

ఈదమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఏమర్థమైందో గానీ గ్రైండరు ఆపి వచ్చింది.

"మీ డాలరు సంగతి నాకు తెల్వది. పిండి మంచిగ పోతున్నది. ఆరు వేలిస్త."

"వద్దు చెల్లే. రెండే."

"అయిదు."

"రెండున్నర. గంతే. అంతకన్న ఒక్క పైస ఎక్కువ తీసుకోను!"

జేబులో వేలం ఉత్తరం పెట్టుకున్న ఓనరు కిరాయి తగ్గించుకోమని బతిమాలుతుంటే, కిరాయికున్నామె పెంచమని కొంగు బిగించింది.

"నాలుగు వేలు" అంది ఈదమ్మ చివరికి. "ఇష్టముంటే తీస్కోన్రి, లేకుంటే రేపే ఇల్లు ఖాళీ చేపిస్త."

మల్సూర్ చేతులెత్తేశాడు. ఆమె లోపలికి పోయి, పిండి అంటిన నోట్లు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

తిరుగు బస్సులో ఆయన ఆ నోట్లను రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. సూర్యాపేట దీపాలు కనబడుతుండగా సారు వైపు తిరిగాడు.

"ముప్ఫై అయిదేండ్ల బ్రోకర్ని సారూ. ఇంకొక్క అయిదు వందలు తగ్గియ్యలేకపోయిన" అని పెట్టుడు పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.